బయటికి పోయే తలుపులు

ఒక విధానపత్రాన్ని విమర్శించదలచినవాడు ముందు దాన్ని చదవాలి. యీ మాట చెప్పవలసి రావడం విచారకరమే గాని, 2020 జూలై 29న, కరోనా కారణంగా బడులన్నీ మూతపడి వున్న రోజుల్లో, కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యావిధానం మీద మనవైపు నుంచి వచ్చిన ఉపన్యాసాల్లో సగం దాన్ని చదవకుండా చేసినవేనని నా అనుమానం. కాషాయీకరణ, కార్పొరేటీకరణ, కేంద్రీకరణ — మూడు మాటలూ నిజం కావచ్చు. కాని వాటిని జపమాల తిప్పినట్లు తిప్పుతుంటే సభలో కూర్చున్న విద్యార్థి ఆవులిస్తాడు. నేను ఆ పత్రాన్ని రెండుసార్లు చదివాను. అందులోని సూత్రాలు చాలావాటితో నాకు తగాదా లేదు. బట్టీయం పోవాలన్నది, చేతిపనికీ బుద్ధికీ మధ్య గోడ వుండరాదన్నది, పిల్లవాడు కనీసం అయిదో తరగతి దాకా తల్లిభాషలో చదవాలన్నది — యివన్నీ మన పెద్దలు కోరినవే. మనం కోరినదాన్ని ఎదుటివాడు రాసినంతమాత్రాన అది చెడ్డది కాదు. సూత్రానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్న దగ్గర నా తగాదా మొదలవుతుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ తరగతులకు తెలుగు చెప్పే అధ్యాపకుణ్ణి. నా విద్యార్థుల్లో ఎక్కువమంది పలాస, టెక్కలి చుట్టుపక్కల వూళ్ళవాళ్ళు. ఉద్దానపు యిసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య పుట్టినవాళ్ళు. తోట అనగానే భాగ్యమనుకునే పట్టణ పాఠకులకు వొక సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను యీ తీరాన్నే నేలనెక్కి, తాతలనాటి చెట్లను వొక్క రాత్రిలో పెళ్ళగించి పోయింది. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. యీలోగా తోట గలవాడు కూలివాడైనాడు. కూలివాడు చెన్నైకో హైదరాబాదుకో పోయినాడు. తీరపు మత్స్యకారుడు గుజరాత్‌లోని వేరావల్ పడవలెక్కినాడు. దీనికి తోడు, కారణం యిదీ అని శాస్త్రం యింకా తేల్చలేని మూత్రపిండాల జబ్బు వూరూరా కాపురం పెట్టింది. యీ నేల మీద నిలబడి చదివితే ఆ విధానపత్రం వేరే విధంగా కనిపిస్తుంది.

అందులో చాలా ఘనంగా చెప్పబడిన సంస్కరణ వొకటి వుంది. డిగ్రీ చదువు నాలుగేళ్ళు. కాని విద్యార్థి మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు. ఏడాదికి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు పరిశోధనతో కూడిన డిగ్రీ. చదివినంత మేరకు సంపాదించిన క్రెడిట్లు 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' అనే ఖాతాలో పడివుంటాయి. మళ్ళీ వచ్చినప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దీనికి నియమాలు ప్రకటించింది. ఏడాది చదివి వెళ్ళినవారు మూడేళ్ళలోగా తిరిగి చేరాలి, మొత్తం చదువు ఏడేళ్ళలో ముగించాలి. ఏడాది సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఆ వేసవి సెలవుల్లో నాలుగు క్రెడిట్ల వృత్తివిద్య కూడా పూర్తిచేసి వుండాలి.

2024 వేసవిలో నా తరగతి విద్యార్థిని వొకామె రావడం మానేసింది. మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది, తప్పలేదు. తండ్రికి డయాలిసిస్ మొదలైంది. తల్లి పలాస-కాశీబుగ్గలోని వొక జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది. పిక్కను వుడికించడం, కోయడం, పప్పును ఆరబెట్టడం, పొట్టు వొలవడం, గుండు, బద్ద, ముక్క అని రకాలు విడదీయడం — యిదంతా ఆడవాళ్ళ వేళ్ళ మీద నడిచే పరిశ్రమ. పిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలుతుంది. ఏళ్ళ తరబడి కోసినవాళ్ళ వేళ్ళు నల్లబడిపోయి వుంటాయి. తండ్రిని ఆస్పత్రికి తీసుకుపోవలసిన రోజుల్లో తల్లి పని పోతుంది గనుక, తల్లి స్థానంలో కూతురు కూర్చుంది.

నేను వాళ్ళింటికి వెళ్ళి నియమాలన్నీ వివరించాను. సర్టిఫికెట్ సంగతి, వేసవిలో చేయవలసిన నాలుగు క్రెడిట్ల వృత్తివిద్య సంగతి. ఆ పిల్ల శ్రద్ధగా విని, "నేను చేస్తున్న పని ఆ లెక్కలోకి రాదా సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వేసవి అంతా రోజుకు పది గంటలు వొక పరిశ్రమలో పనిచేసిన పిల్లకు వృత్తివిద్య క్రెడిట్లు సున్న. తల్లి మరింత సూటిగా అడిగింది: "ఆ కాయితం సూపితే కేజీకో రూపాయెక్కువిత్తారేటి మేస్టారూ?"

యీ సంగతి మా అధ్యాపకుల గదిలో చెబితే వొక మిత్రుడు నన్ను మందలించాడు. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు. ఆయన వాదన కొట్టిపారేయదగినది కాదు. "వెనుకటి రోజుల్లో కూడా పిల్లలు చదువు మానేసేవారు కదా. అప్పుడు వట్టి చేతులతో పోయేవారు, యిప్పుడు వొక కాగితమైనా పట్టుకుపోతారు. చదివినది వృథా కాకుండా ఖాతాలో వుంటుంది. దీన్నికూడా తప్పుపడితే ఎలా?" అన్నాడు. విధానాన్ని సమర్థించేవారి వాదనల్లో ఇంతకన్నా బలమైనది నేను వినలేదు. కనుక దీనికే జవాబు చెప్పాలి.

వెనుకటి రోజుల్లో హాజరుపట్టీలో వరసగా సున్నలు పడితే అది ఎవరినో వొకరిని నిలదీసేది. ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు అని పైవాళ్ళు అడిగేవారు. వసతిగృహం లేదనో, ఉపకారవేతనం రాలేదనో కింది నుంచి జవాబు పోయేది. జవాబు పోయినంతమాత్రాన పని జరిగేదని నేననను. కాని అది లోపం కింద నమోదయ్యేది. 'మానేయడం' అనే మాటలో వొక నేరారోపణ వుంది. 'నిష్క్రమణ' అనే మాటలో అది లేదు. నిష్క్రమించినవాడు తన యిష్టంతో, తన హక్కును వినియోగించుకుని, తలుపు తెరుచుకుని వెళ్ళాడని అర్థం. రాజ్యం తన బాధ్యతను విద్యార్థి స్వేచ్ఛగా మార్చి వాడి చేతికే తిరిగి యిచ్చింది. బాగా జీతంగల తండ్రి కొడుకు వొక ఏడాది ఆగి మరొక వూళ్ళో మరొక సబ్జెక్టు చదవడానికి యీ తలుపు నిజంగా పనికివస్తుంది. నా విద్యార్థినికి అది బయటికి మాత్రమే తెరుచుకుంటుంది. తిరిగి రావచ్చునని నియమం వుంది. తిరిగి వచ్చే ఏడాది యిల్లు గడవడానికి డబ్బెవరిస్తారన్న దానికి నియమం లేదు. ఉద్దానంలో పంతొమ్మిదేళ్ళ ఆడపిల్ల జీవితంలో మూడేళ్ళంటే ఏమిటో — పెళ్ళి, కాన్పు, తండ్రి చావు — యీ నియమం రాసినవారు ఎరగరు.

అసలు ఆమె కేవలం డబ్బు లేకనే పోయిందా అంటే, అదీ కాదు. ఆమె ఇంటర్మీడియెట్ దాకా తెలుగులో చదివింది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ తరగతులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడవాలని ప్రభుత్వం నిర్ణయించింది. నాలుగేళ్ళ డిగ్రీని కొత్త విధానం పేరు చెప్పి ఉత్సాహంగా తెచ్చినవారే, అదే విధానం ఉన్నతవిద్యలో కూడా స్థానికభాషలు పెరగాలన్న సంగతిని పక్కన పెట్టినారు. ఆమె కామర్సు పాఠం వింటూ నెలలు గడిపింది. నా తెలుగు పాఠంలో ప్రశ్నలు వేసే పిల్ల తక్కిన గంటల్లో మూగదని సహాధ్యాపకులు చెబితే ఆశ్చర్యపోయాను. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు కాలేజీ ఆమెను గట్టిగా పట్టుకుని వుంచగల స్థితిలో లేదు.

భాష విషయంలో ఆ పత్రం 'వీలైన చోటల్లా' అన్న మాట వాడింది. వీలు ఎవరు తేలుస్తారు? 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక తరగతుల నుంచే ఇంగ్లీషు మాధ్యమమని ఉత్తర్వు తెస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళున్నాయి. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేలున్నాయి. అక్కడ 'వీలు' మాట ఎత్తేవాళ్ళే లేరు.

యీ జిల్లా మనిషే గిడుగు వెంకట రామమూర్తి. 1880లో పర్లాకిమిడి వెళ్ళి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు; టెక్కలి నుంచి పర్లాకిమిడి ఎంత దూరమని! ఆయనకు సవర భాష నేర్చుకోమని ఏ కమిషనూ చెప్పలేదు. సవర మాట్లాడేవాణ్ణి దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ భాషకు వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టాడు, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం అచ్చువేయించాడు. వొక బడిపంతులికి వీలైనది వొక రాజ్యానికి వీలు కాకపోవడమేమిటి? ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవమంటారు. దండ వేయడానికి మా కాలేజీలో కూడా నన్నే పిలుస్తారు. తెలుగు మాధ్యమం తీసేసిన కాలేజీలో ఆ దండ వేసి, కిందికి దిగి, టీ తాగి వచ్చేస్తుంటాను.

వృత్తివిద్యను గురించి కొంచెం. 2025 నాటికి విద్యార్థుల్లో సగంమందికైనా వృత్తివిద్య పరిచయం కావాలని ఆ పత్రం పెట్టుకున్న లక్ష్యం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి దగ్గర పని చూడాలట. ఆలోచన మంచిదే, 1937లో గాంధీ వార్ధాలో చెప్పినది యింతకన్నా గట్టిగానే వుంది. కాని పట్టణంలో కొబ్బరిచెట్టు ఎక్కడం చూడనివాడికి యిది విద్య. మా పిల్లలకు యిదివరకే సంచి లేని రోజులు ఎక్కువై బాధగా వుంది. వాళ్ళకు కావలసినది పని పరిచయం కాదు. పనిలోని శాస్త్రం, పనికి కూలి ఎలా కడతారన్న అర్థశాస్త్రం, పిక్క నూనె చర్మాన్ని ఎందుకు కాలుస్తుందన్న రసాయనశాస్త్రం వాళ్ళకు కావాలి. అవి చెప్పగల ప్రయోగశాల లేకుండా వృత్తివిద్య అంటే, తల్లి కూర్చున్న పీట మీద కూతుర్ని కూర్చోబెట్టడమే.

ఇక డబ్బు. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చుచేయాలన్నది 1968 విధానంలోనే వుంది. 1986లో మళ్ళీ రాశారు, 1992లో మళ్ళీ ఒప్పుకున్నారు, 2020లో మళ్ళీ రాశారు. 2017-18 లెక్క ప్రకారం కేంద్ర రాష్ట్రాల ఖర్చు రెండూ కలిపి 4.43 శాతమేనని ఆ పత్రమే చెబుతున్నది. సాధించడానికి గడువు మాత్రం చెప్పలేదు. నా విద్యార్థినికి మూడేళ్ళ గడువు పెట్టిన రాజ్యం తనకు తాను గడువు పెట్టుకోలేదు! పైగా ప్రభుత్వ విద్యకు భారీ పెట్టుబడి అన్న సూత్రం పక్కనే, అదే వాక్యంలో, నిజమైన పరోపకార బుద్ధిగల ప్రైవేటువారికి ప్రోత్సాహం అన్నది కూడా కూర్చుంది. 1882లోనే జోతిరావు ఫూలే హంటర్ కమిషనుకు యిచ్చిన నివేదనలో, రైతు చెమటతో వచ్చిన పన్ను పైవర్గాల చదువుకు పోతున్నదని లెక్క చెప్పాడు. యీ నేలకు పరోపకారం కొత్త కాదు, దాని విలువా తెలుసు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో సమావేశమైంది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీ రైతుల పోరాటంలో గున్నమ్మ పోలీసు తూటాకు బలైంది. అడవిలో కట్టెపుల్ల తెచ్చుకోవడం జమీందారు దయ కాదు, హక్కు అన్నది అక్కడి తగాదా.

బడుల విలీనం సంగతి అందరికీ తెలిసిందే. 2022 జూన్‌లో 117వ నెంబరు ఉత్తర్వుతో ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు తరలించడం, 2025లో ఆ ఉత్తర్వు రద్దయి తొమ్మిది రకాల బడులు రావడం. వొక తరం పిల్లలు రంగం మీద పావుల్లా అటూ యిటూ జరపబడ్డారు. ఎవరూ వాళ్ళ తల్లుల్ని అడగలేదు.

మనల్ని గురించి కూడా ఒక మాట అనక తప్పదు. మాతృభాష కోసం వేదికలెక్కే మనలో ఎందరి పిల్లలు తెలుగులో చదువుతున్నారు? నా కూతురు విశాఖపట్నంలో అమ్మమ్మగారింట వుండి ఇంగ్లీషు బడికి పోతున్నది. సముద్రపుటొడ్డు పేదింటి తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావాలంటే ఆమెకు చైతన్యం లేదనే హక్కు నాకెక్కడిది? ఆమె అడుగుతున్నది ఇంగ్లీషు భాషనా, ఇంగ్లీషు వచ్చినవాళ్ళకున్న మర్యాదనా అన్నది ఆమెతో కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న. మన తీర్మానాలు అక్కడిదాకా పోలేదు.

పలాసలో మూత్రపిండాల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. గొట్టాల ద్వారా మంచినీరూ అప్పుడే. ఏళ్ళ తరబడి జనం అడిగి అడిగి సాధించుకున్నవి. చదువు విషయంలో అలా అడగవలసినవి నాకు కనిపిస్తున్నాయి. మానేసిన ప్రతి విద్యార్థి పేరూ, కారణమూ కాలేజీ వారీగా బయటపెట్టాలి. తిరిగి చేరినవారికి ఆ యింటి కూలి నష్టానికి తగిన ఉపకారవేతనం యివ్వాలి. పలాసలోనూ టెక్కలిలోనూ ఆడపిల్లలకు చాలినన్ని వసతిగృహాలు కావాలి. తెలుగు మాధ్యమం కోరినవారికి ఆ తరగతి వుండాలి. జీడిపప్పు బట్టీలో చేసిన పనిని క్రెడిట్లుగా కట్టమని నేనడగను; ఆ పిల్లను బట్టీలో కూర్చోబెట్టవలసిన అవసరం తప్పించమని అడుగుతాను.

ఆమె క్రెడిట్లు ఖాతాలో భద్రంగానే వున్నాయి. తిరిగి చేరడానికి గడువు 2027 వేసవితో తీరిపోతుంది.