ఉత్తుత్తి అన్నము



గృహదర్శనములకు పల్లెలకు వెళ్ళినప్పుడు మేము తరచుగా చూచే ఆట ఒకటున్నది. పిల్లలు వేపచెట్టు క్రింద మూడు రాళ్ళు పెట్టి, కొబ్బరిచిప్పలో ఇసుక పోసి అన్నము వండుతారు. ఆకులే కూర, బురదే పప్పు. మన పెద్దలు దీనిని గుజ్జనగూళ్ళు అన్నారు. తిరునాళ్ళలో లక్కపిడతలు కొనేది ఈ ఆటకే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కరంగులతో ఇటువంటి బొమ్మలు నేటికీ చేస్తున్నారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

"మట్టిలో ఆటలేమిటి, పుస్తకము తీయండి" అని కసరవద్దు. ఇసుకను అన్నముగా ఎంచుకోగల తెలివే రేపు అక్షరాలు, అంకెలు నేర్చుకొనుటకు అక్కరకు వస్తుంది. నలుగురికి నాలుగు ఆకులు వేస్తే అది లెక్క. "నీకు కొంచెం, నాకు కొంచెం" అంటే అది పంచుకొనుట.

ఈ ఆటలో మన ఇల్లు కూడా కనబడుతుంది. "నాన్నకు ముందు, అమ్మ ఆఖరున" అని అయిదేళ్ళ పాప వడ్డిస్తే, అది ఎక్కడ చూచినది? గ్రుడ్డు అన్నకు, పులుసు చెల్లికి పెడితే, ఎవరు నేర్పినది? పాపను మందలించి లాభము లేదు. ఆ రాత్రి నుండే మన పళ్ళెములను మనము సరిచేసుకోవాలి. "ఆడపిల్లల ఆట" అని మగపిల్లలను లేపివేయక, వారి చేతికీ గరిటె ఇవ్వండి.

తండ్రులారా, పది నిమిషములు ఆ ఆకు ముందు కూర్చోండి. "పప్పు బాగున్నది, ఇంకొంచెం వెయ్యమ్మా" అనండి. అన్నము తినక మారాము చేసే బిడ్డను ఆటలో అమ్మను చేసి, మీరు బిడ్డగా మారండి. మీ బుజ్జగింపు మాటలే ఆ నోట వింటారు!

జాగ్రత్తలు మరువవద్దు. ఆముదము, అడవి ఆముదము, ఉమ్మెత్త, పచ్చగన్నేరు గింజలు విషము. వాటిని వంటలోనికి రానివ్వకండి. మూడేళ్ళలోపు బిడ్డలకు గింజలు, గోళీలు ఇస్తే గొంతులో అడ్డుపడవచ్చు. నిజమైన నిప్పు, కత్తిపీట దూరముగా ఉంచండి. ఆట ముగిశాక సబ్బుతో చేతులు కడిగించండి.

పిల్లలు మనలను ఈ భోజనమునకు పిలిచేది కొద్ది ఏండ్లే. పిలిచినప్పుడు వెళ్ళి కూర్చుందాము.