ఆసనముపై నిద్ర సమాధి కాదు

ధ్యానమునకు కూర్చున్న సాధకునికి నిద్ర వచ్చుట క్రొత్త సంగతి కాదు, సిగ్గుపడవలసినదియు కాదు. కాని ఇటీవల సత్సంగములలో ఆ నిద్రకు ఒక గౌరవనామము తగిలించుచున్నారు. నిద్ర వచ్చిన రానిండు, అది సామాన్యనిద్ర కాదు, యోగనిద్ర. మనస్సు ఆత్మలో కరిగిపోయినది అని బోధకులు చెప్పుటయు, శ్రోతలు సంతోషించి ఇండ్లకు పోవుటయు జరుగుచున్నది. ఏండ్ల తరబడి ప్రతి ఉదయము ఆసనముపై తల వాల్చి, గంట గడిచిన పిదప ప్రసన్నముగా లేచి, తాము సమాధిని అందుకొన్నామని నమ్ముచున్న వృద్ధులు కలరు. వారి శ్రద్ధ నిష్కల్మషమైనది. ఆ శ్రద్ధకు దక్కుచున్నది మాత్రము ఒక గంట కునుకు. ఆయుర్దాయము మిగిలియున్నప్పుడే వారికి ఈ మాట చెప్పకుండుట దయ అనిపించుకొనదు.

ఈ బోధకుల పక్షమున శ్రుతిబలము బొత్తిగా లేకపోలేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు శ్వేతకేతువుతో, సుషుప్తిలో జీవుడు సత్తుతో ఏకమగునని చెప్పినాడు. శ్రుతియే అట్లనగా నిద్రను నిందింప నెవరికి అధికారమని పూర్వపక్షము. ఆ ప్రకరణమునే మరి యొక ఖండము ముందునకు చదివిన చాలును. సత్తును చేరియు, చేరినట్లు ఎరుగని ప్రాణులు మరల తమ పూర్వరూపముననే లేచునని అదే ఉద్దాలకుడు చెప్పుచున్నాడు. పులి పులిగానే, సింహము సింహముగానే, దోమ దోమగానే. నిద్రించినవాడు సత్తును చేరుట సత్యమే. ఆ మాత్రపు చేరిక దోమకును కలదు. దానికై దర్భాసనము పరచి, ఆచమనము చేసి, సంకల్పము చెప్పుకొననేల?

ఇంతకన్న బలమైన ప్రమాణము ఎనిమిదవ అధ్యాయములోని ఇంద్రవిరోచనుల ఆఖ్యాయిక. విరోచనుడు దేహమే ఆత్మయని తృప్తిపడి వెడలిపోయినాడు. ఇంద్రుడు 32 ఏండ్ల చొప్పున మూడు మారులు ప్రజాపతి సన్నిధిని బ్రహ్మచర్యవాసము చేసినాడు. 96 ఏండ్లు నిండిన పిదప అతనికి లభించిన ఉపదేశమే సుషుప్తి. స్వప్నమైనను లేక ప్రసన్నముగా నిద్రించువాడే ఆత్మయని వినినాడు, శాంతహృదయుడై బయలుదేరినాడు. దేవతలను చేరకమునుపే దోషము కనబడినది. ఆ స్థితిలో ఉన్నవాడు తన్ను తానే ఎరుగడు, అన్యభూతములను ఎరుగడు, నశించినవానివలె నున్నాడు; ఇందు ప్రయోజన మేమి? ఇట్లు తలపోసి, సమిధలు చేతబట్టి వెనుదిరిగినాడు. ప్రజాపతి అతనిని మందలింపలేదు. అతడు చూచిన దోషము నిజమేయని అంగీకరించి, మరి 5 ఏండ్లు ఉంచుకొని, 101 ఏండ్లకు తుది ఉపదేశము చేసినాడు. సుషుప్తితో తృప్తిపడవచ్చునన్నచో ఇంద్రుడు త్రోవలోనుండి తిరిగివచ్చిన కథకు అర్థమే లేదు. ఇంద్రుడు సగము త్రోవలో గ్రహించిన దోషమును ఈ కాలపు సాధకుడు ఇల్లు చేరియు గ్రహింపడాయె!

ఇది సుషుప్తి కాదు, మనోనిగ్రహమే అందురా? ఆ సందేహమునకు గౌడపాదాచార్యులు మాండూక్యకారికల అద్వైతప్రకరణమున సమాధానము చెప్పియే యున్నారు. నిద్రలో మనస్సు లీనమగును. వాసనాబీజములతో కూడ అవిద్యలో అణగి, తరుణము వచ్చినంతనే మొలకెత్తును. వివేకముచే నిగృహీతమైన మనస్సు లీనము కాదు, అది మెలకువగల నిశ్చలత్వము. అంతటితో ఊరకుండక, లయమును కామముతో సమానమైన అనర్థముగా ఆచార్యులు ఎంచిరి. కామక్రోధములను జయింపవలెనని ఉపన్యసించు బోధకులు లయమును మాత్రము ముద్దుచేయుట విచిత్రము. లయము కలిగినపుడు చిత్తమును మేల్కొలుపవలెనని అచట స్పష్టముగా విధింపబడినది. సదానందుడు వేదాంతసారమున నిర్వికల్పసమాధికి నాలుగు విఘ్నములు చెప్పుచు లయమును మొదట నిలిపినాడు. పతంజలి నిద్రను అయిదు వృత్తులలో ఒకటిగా లెక్కించినాడు. నిరోధింపవలసిన వృత్తికే నిరోధమని పేరు పెట్టుట ఏ శాస్త్రము?

శ్రీమహావిష్ణువు యోగనిద్ర మాట తెచ్చుటయు కలదు. తొలి ఏకాదశినాడు శయనించు స్వామి జగద్వ్యాపారమును ఎరుగక పడియుండువాడు కాడు; సర్వసాక్షి. ఆ పదమును తీసికొనివచ్చి గురక పెట్టువానికి అంటగట్టుట అపచారము. తపస్సు చేసి నిద్రను వరముగా పొందినవాడు రామాయణమున ఒకడున్నాడు, కుంభకర్ణుడు. అతనిని ఎవరును యోగి యనలేదు.

రమణమహర్షి చెప్పెడి కథ యొకటి ఈ సందర్భమున స్మరింపదగినది. గంగాతీరమున తపస్సు చేయు ఒక యోగి శిష్యుని నీరు తెమ్మని పంపి, అతడు వచ్చులోపల లయమున మునిగినాడు. వందల ఏండ్లు గడిచినవి, శిష్యుడు గతించినాడు, గంగ త్రోవ మార్చుకొన్నది. కన్ను తెరచిన యోగి మొదట అడిగినది ఆ నీరే! ఒక్క దాహమైనను నశింపలేదు. తెలుగున కూడ తామే రచించిన ఉపదేశసారమున మహర్షి లయమును, నాశమును వేరుపరచి చూపిరి. లీనమైన మనస్సు మరల లేచును, నశించినది లేవదు.

ఇక నివారణోపాయము. విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున లయమునకు చెప్పిన కారణములు నాలుగు: నిద్రాశేషము, అజీర్ణము, అతిభోజనము, శ్రమ. నాలుగును ఆసనము బయటివే. రాత్రి పన్నెండు గంటల వరకు సెల్‌ఫోను చూచి, నాలుగింటికి అలారము పెట్టుకొని లేచినవానికి బ్రాహ్మీముహూర్తము పుణ్యకాలమే కాని, దేహము అప్పు వసూలు చేయక మానదు. నిద్రను కోసికొని ధ్యానము చేయుమని గీత చెప్పలేదు. అతిగా నిద్రించువానికి యోగము లేదన్న ఆరవ అధ్యాయమే, అతిగా మేల్కొనువానికిని లేదన్నది. ఏకాదశి ఉపవాసమని కడుపునిండ ఉప్పుడుపిండి తిని, వెంటనే జపమునకు కూర్చుండువారి సంగతి చెప్పనక్కరలేదు. కోవెలలో దద్ధ్యోదనము పుచ్చుకొన్న పిదప కూర్చున్న ధ్యానమును అంతే.

ఆసనముపై ఉండగా మగత క్రమ్మినచో మానసజపమును పట్టుకొని వ్రేలాడరాదు. మానసము ఉత్తమమన్నది మెలకువగలవానికి. పెదవులు కదలునట్లు ఉపాంశువునకు దిగవలెను. అప్పటికిని తల వాలిన, గొంతెత్తి వాచికము చేయవలెను. కన్నులు పూర్తిగా మూయక నాసికాగ్రమున దృష్టి నిలుపవలెను. వెన్ను, మెడ, శిరస్సు సమముగా ఉంచుమని గీత విధించినది అలంకారమునకు కాదు. వంగిన వెన్నే నిద్రకు మొదటి ద్వారము. ఇవి ఏవియు పనిచేయనిచో లేచి, కాళ్లు ముఖము కడిగికొని, పదునొకండు ప్రదక్షిణలు చేసి మరల కూర్చుండవలెను. అప్పటికిని ఆగనిచో ఆ పూట పోయి పడుకొనుట మేలు. పడక మీది నిద్ర నిద్రయనియే పిలువబడును, అందు మోసము లేదు.

రాత్రి చాలినంత నిద్రించియు పగలు ఎచట కూర్చున్న అచట తూగువారు, గురకలో ఊపిరి ఆగుచున్నదని ఇంటివారు చెప్పువారు, మందుబిళ్లలు వాడుచున్నవారు ముందు వైద్యునికి చూపించుకొనవలెను. పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయములలో మొదటిది వ్యాధియే. రాత్రి ఉద్యోగములు చేయువారికి బ్రాహ్మీముహూర్తము పొసగదు. వారు పగటినిద్ర తీర్చుకొని లేచి, సాయంసంధ్యవేళ, భోజనమునకు ముందు, దీపము వెలిగించిన పిదప కూర్చుండవచ్చును. మొదట ఇరువది నిమిషములు చాలును.