ఆ అంకె ఎక్కడిది?

రాజాం ఏ జిల్లాలో ఉంది? విజయనగరం అంటే ఒప్పు. కానీ 2011 జనాభా లెక్కల పుస్తకం తెరిస్తే అది శ్రీకాకుళం జిల్లాలో కనిపిస్తుంది. పుస్తకం తప్పు కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, పార్వతీపురం, సాలూరు, కురుపాం ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి.

ఇప్పుడు మీ అసైన్‌మెంట్ సంగతి చూద్దాం. విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలని ఒకచోట దొరికింది, మండలాలు 27 అని ఇంకోచోట దొరికింది. రెండూ రాసేసి, భాగించేసి, మండలానికి సగటున 87 వేల మంది అని తేల్చేశారు. ఆ జనాభా 2011 నాటి 34 మండలాల పాత జిల్లాది. అప్పటి సగటు 69 వేల లోపే. విడివిడిగా రెండు అంకెలూ నిజమే, కలిపితే వచ్చింది మాత్రం అబద్ధం. గూగుల్‌లో మొదట కనిపించింది ఎత్తి రాసేస్తే జరిగేది ఇదే.

అందుకే ఏ సమాచారం దొరికినా మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? దేని గురించి చెప్పారు? సాహిత్యం చదివేవారికీ ఇదే సూత్రం. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి, బాగా మార్పులతో 1909లో మరోసారి అచ్చయింది. మీరు మాట్లాడుతున్నది ఏ కూర్పు గురించో చెప్పకపోతే మీ వాదన నిలవదు.

కొన్నిచోట్ల పొరపాటు మార్కులతో పోదు. ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద ప్రాజెక్టు చేయని కాలేజీ మన దగ్గర అరుదు. 'నీటిలో సిలికా వల్లే' అని ఒకరు, 'పురుగుమందుల వల్లే' అని ఇంకొకరు రాసేస్తుంటారు. నీరు, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, ఇలా అనేక కోణాల్లో పరిశోధనలు జరిగాయి. ఇదొక్కటే కారణమని ఇంతవరకూ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం మొదలైందంటేనే వెతుకులాట ఇంకా సాగుతోందని అర్థం. కవిటి, సోంపేట, మందస పల్లెల్లో డయాలసిస్‌తో బతుకుతున్న కుటుంబాల గురించి రాస్తున్నప్పుడు, తెలియనిదాన్ని తెలిసినట్టు రాసే హక్కు మనకు లేదు. 'పరిశోధకులు అనుమానిస్తున్నారు' అనే మాటకీ 'కారణం ఇదే' అనే మాటకీ చాలా దూరం ఉంది.

మరి ఎక్కడ వెతకాలి? డబ్బు ఖర్చు లేని దారులే చాలా ఉన్నాయి. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా చదవొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పుస్తకాలు, వ్యాసాలు దొరుకుతాయి. గూగుల్ స్కాలర్‌లో ఒక వ్యాసాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో కూడా చూడొచ్చు. జిల్లా లెక్కలకు జనగణన వెబ్‌సైట్, జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే గణాంకాల పుస్తకం నమ్మదగినవి. వికీపీడియా చూడొద్దని అనం. దాని అడుగున ఉన్న ఆధారాల దగ్గరికి వెళ్లండి, అక్కడే ఆగిపోకండి. ఏఐ చాట్‌బాట్‌ను విషయం అర్థం చేసుకోవడానికి వాడుకోండి. అది చెప్పిన పుస్తకం, వ్యాసం నిజంగా ఉన్నాయో లేదో మాత్రం మీరే వెతికి చూడండి. లేని పుస్తకానికి రచయిత పేరు, సంవత్సరం కూడా చక్కగా చెప్పేయగలదది.

బాధ్యత విద్యార్థులదే కాదు. పేజీల లెక్కన మార్కులు వేస్తే పేజీలే వస్తాయి. అసైన్‌మెంట్ ఇచ్చే ముందు ఒక్క పీరియడ్ లైబ్రరీలో గడిపి, మంచి ఆధారం ఎలా ఉంటుందో అధ్యాపకులు చూపించాలి. సీనియర్ల రికార్డు చూసి దించే అలవాటు అప్పుడే తగ్గుతుంది.

'డిగ్రీ అయిపోతే దీంతో ఏం పని?' అనుకోకండి. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు రిపోర్టు తిరగేసి, ఒక అంకె మీద వేలు పెట్టి 'ఇది ఎక్కడిది?' అని అడిగితే నీళ్లు నమలాల్సి రాకూడదు. 2011 జనగణన నుంచి, పాత జిల్లా లెక్క, అని తడుముకోకుండా చెప్పగలిగితే మీరు పని తెలిసిన మనిషని ఎదుటివారికి అర్థమవుతుంది. రేపు సచివాలయంలో, బ్యాంకులో, కంపెనీలో మీరు రాసే అంకె మీద ఎవరో ఒకరి పింఛనో, రుణమో ఆధారపడి ఉంటుంది.

ఈసారి అసైన్‌మెంట్ రాసేటప్పుడు ప్రతి అంకె పక్కనా అది ఎక్కడ దొరికిందో పెన్సిల్‌తో రాసుకోండి. రాయలేకపోయిన అంకెను కొట్టేయండి.