చూపు లేని ఇంటిపెద్ద

ఇంట్లో కుక్క ముసలిదై, దానికి చూపు కూడా పోయినప్పుడు, తెలిసినవాళ్లు చెప్పే మొదటి సలహా ఒకటుంది. "ఇంకో కుక్కను తెచ్చుకోండి. దీనికి తోడూ ఉంటుంది, దారీ చూపిస్తుంది." వినడానికి ఎంతో హాయిగా ఉండే మాట. నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే. నమ్మి, 12 ఏళ్లు మాతో బతికిన ఒక మూగజీవిని మూడు వారాలపాటు భయంలో ఉంచినవాణ్ణి. ఆ సలహాలో నిజమెంతో, మన స్వార్థమెంతో అనుభవం మీద చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

రాణి మా ఇంటికి నెలన్నర పిల్లగా వచ్చింది. తెల్లటి స్పిట్జ్. మాది గోదావరి వైపు పాతకాలపు ఇల్లు. ముందు వసారా, లోపల మూడు గదులు, వెనక నుయ్యి ఉన్న పెరడు. పదేళ్లు దాటాక సాయంకాలాలు పెరటి మెట్ల దగ్గర రాణి తడబడటం మొదలుపెట్టింది. పగలు మామూలుగానే తిరిగేది. మా అమ్మ రెండు రోజులు గమనించి, "దీనికి రేచీకటి వచ్చిందిరా" అంది. కుక్కకు రేచీకటేమిటని నవ్వేశాను. తరువాత పశువైద్యుడు కంట్లోకి వెలుగు వేసి చూసి చెప్పినదీ అదే. కంటి లోపలి రెటీనా క్రమక్రమంగా క్షీణించే జబ్బు. ముందు మసక వెలుతురులో చూపు పోతుంది, ఆ తరువాత పగటి చూపూ పోతుంది. నొప్పి ఉండదు, నయం చేసే మందూ లేదు. ఏడాదిన్నర తిరిగేసరికి రాణికి పగలూ రాత్రీ ఒకటే అయిపోయాయి.

కుక్క కన్ను తెల్లబడితే అంతా వయసు మహిమే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వయసుతో కంటి కటకంలో నీలిబూడిద ఛాయ రావడం మామూలే, దానితో చూపు పెద్దగా తగ్గదు. శుక్లాలు వేరు. అవి చక్కెర జబ్బు వలన కూడా వస్తాయి, కొన్నిటిని శస్త్రచికిత్సతో తీసివేయవచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగే నీటికాసులు మరీ వేరు, అది తీవ్రమైన నొప్పి పెట్టగలదు. నొప్పితో ఉన్న కుక్క, మీదికి ఏది వచ్చినా కరవడానికి సిద్ధంగా ఉంటుంది. అందుచేత కొత్తదాని ఊసెత్తే ముందు, పాతదానికి చూపు ఎందుకు పోయిందో తెలుసుకొని తీరాలి.

చూపు పోయాక రాణి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. రెండు నెలల్లో ఇంటినంతటినీ ముక్కుతో, మీసాలతో, పాదాలతో మళ్లీ నేర్చుకుంది. వాసన పట్టే కణాలు మనిషి ముక్కులో లక్షల్లో ఉంటే, కుక్క ముక్కులో కోట్లలో ఉంటాయి. వసారాలో పడకకుర్చీ, నడవలో బియ్యం డబ్బా, వంటింటి గడప, పెరటి మెట్లు రెండు, నూతి గట్టు... అన్నీ లెక్కగా దాని తలలోకి చేరిపోయాయి. ఇంటికి వచ్చినవాళ్లకు, దీనికి కళ్లు కనబడవని చెబితే నమ్మేవారు కాదు. మేము చేయవలసింది ఒక్కటే, ఏ వస్తువునూ కదపకుండా ఉండటం.

మరి రెండో కుక్క ఎందుకు వచ్చింది? రాణికి తోడు కోసమని అందరితోనూ చెప్పాను. అది అబద్ధం. రాణి పోయిన మర్నాడు ఈ ఇల్లు ఎలా ఉంటుందోనన్న బెంగ నాది. ఆ బెంగ తీర్చుకోవడానికి, వీధి మలుపులో మోటారు సైకిలు తగిలి కాలు విరిగిన ఒక నల్లటి వీధికుక్క దొరికింది. ఎనిమిది నెలల వయసుంటుంది. కట్టు కట్టించి, టీకాలు వేయించి, కాలు కూడే దాకా ఎదురింటివారి కొట్టంలో ఉంచాను. కర్రి అని పేరు పెట్టాం. కాలు బాగుపడిన రోజు సాయంత్రం దాన్ని తెచ్చి, నేరుగా మా వసారాలో గొలుసు విప్పేశాను.

ఆ ఒక్క పనిలో ఎన్ని తప్పులున్నాయో తరువాత లెక్కపెట్టుకున్నాను. రాణి నిద్రలో ఉంది. కర్రి పరుగున వెళ్లి, ముందుకాళ్లు నేలకు వంచి, తోక ఊపి ఆటకు పిలిచింది. జవాబు రాకపోయేసరికి మీదికి దూకింది. కలలోంచి మీద పిడుగు పడ్డట్టు లేచిన రాణి ఎటో తెలియక నోరు వేసింది. కర్రి చెవి చిరిగింది. అంతవరకూ ఎవరినీ కరిచి ఎరగని కుక్క రాణి. ఆ రాత్రి నడిమి గదిలో మంచం కిందికి దూరింది. ఇక రాలేదు. అన్నం గిన్నె అక్కడికే పెట్టాలి, మూత్రమూ అక్కడే. ఎప్పుడైనా బయటికి వస్తే గడపకు గుద్దుకునేది. అన్ని నెలలు నేర్చుకున్న ఇల్లు దానికి ఒక్క రాత్రిలో పరాయిది అయిపోయింది.

నాలుగో రోజు పక్కింటాయన వచ్చి చూసి, "మాస్టారూ, ముసలిది మొండికేసింది. ఎక్కడైనా వదిలేసి రండి, కాదంటే ఓ సూది వేయించేయండి. ఎన్నాళ్లని పడతారు?" అన్నాడు. చెడ్డవాడు కాడు, మా ఇబ్బంది చూడలేక అన్నాడు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలివేయడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం కింద నేరమని ఆయనకు చెప్పాను. చట్టం సంగతి చెప్పినంత తేలిగ్గా, ఆ రాత్రి సూది సంగతి నేను ఆలోచించలేదని మాత్రం చెప్పలేను. ఆలోచించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

భారతం ఆదిపర్వంలో సరమ కథ పాఠకులకు తెలిసే ఉంటుంది. నన్నయ తెలుగు చేసిన కథే. జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ అనే దేవశునకం కొడుకు అటు వస్తుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏ తప్పూ చేయలేదు. సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. ఏ తప్పూ లేనిదాన్ని కొట్టారు గనుక, ఎటునుంచి వస్తుందో తెలియని భయం మీకూ వస్తుందని శపిస్తుంది. ఎన్నో ఏళ్లు తరగతి గదిలో చెప్పిన కథ ఇది. ఎటునుంచి వస్తుందో తెలియని భయం ఎంత పెద్ద శిక్షో మంచం కింద వణుకుతున్న రాణిని చూసేదాకా నాకు బోధపడలేదు. ఏ తప్పూ చేయనిదానికి ఆ శాపం పెట్టినవాణ్ణి నేనే.

ఇందులో కర్రి తప్పూ లేదు, రాణి తప్పూ లేదు. కుక్కల మర్యాదలు చాలావరకు కంటితో చదివేవి. తోక ఎత్తు, చెవుల వాలు, మొహం పక్కకు తిప్పుకోవడం, ఒళ్లు బిగబట్టడం, ఆటకు వంగడం... దగ్గరికి రావచ్చా, వద్దా అన్నది వాటి మధ్య ఇలాగే తేలుతుంది. చూపు లేని కుక్క ఎదుటిదాని శరీరభాషను చదవలేదు. చదవలేదు గనుక సమయానికి జవాబూ ఇవ్వలేదు. ఎదుటి కుక్క దాన్ని నిర్లక్ష్యమనో, కవ్వింపనో అనుకుంటుంది. ఈ రెంటి నడుమ మాట అందించవలసినవాడు మనిషి. నేను గొలుసు విప్పేసి చేతులు కట్టుకు నిలబడ్డాను.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. కర్రిని పెరటి వైపు గదికి మార్చి, నడవకు అడ్డంగా చెక్కతడిక కట్టించాం. వారం రోజులు రెంటికీ ముఖాముఖి లేదు. కర్రి పడుకున్న గోనెగుడ్డ రాణి ఉన్న గదిలో ఒక మూల, రాణి దుప్పటి కర్రి గదిలో ఒక మూల. వాసనతో పరిచయం ముందు జరగాలి. ముఖ్యమైన ఉపాయం మా అమ్మది. "లేగదూడకు కట్టినట్టు దాని మెడలో మువ్వ కట్టరా. వచ్చేది ఎవరో దీనికి తెలియాలి గదా" అంది. అమ్మకు కంటి ఆపరేషను అయినప్పుడు మేము కుర్చీ అటూ ఇటూ జరిపితే ఎంత హడలిపోయేదో అప్పుడు గుర్తు చేసింది. మువ్వ కట్టాం. పడుకునే వేళ తీసేస్తాం. రాత్రంతా గలగలలాడితే చెవుల మీదే ఆధారపడిన ముసలిదానికి అదొక హింస.

రెంటినీ కలపడం ఇంట్లో కాక, ఊరి చివర కాలువగట్టు మీద చేశాం. ఒకదాన్ని నేను, ఇంకోదాన్ని మా ఆవిడ గొలుసుతో పట్టుకుని, పదిహేను అడుగుల ఎడంలో ఒకే దిక్కుకు నడిచాం. రోజురోజుకూ ఆ ఎడం తగ్గించాం. పది నిమిషాలు మించనివ్వలేదు. తరువాత ఇంట్లో, కర్రి మెడకు గొలుసు ఉండగానే, అది బాగా పరుగెత్తి అలిసిపోయాక, కాసేపు ఒకే గదిలో ఉంచాం. రాణి వైపు పోబోయి పిలవగానే ఆగితే కర్రికి మెచ్చుకోలు, చేతిలో ఒక ముక్క. రాణి గుర్రుమంటే ఎన్నడూ కసరలేదు. గుర్రు అంటే "అక్కడే ఆగు" అని చెప్పడం. దాన్ని అణచివేస్తే, ఇక చెప్పకుండా కరవడమే మిగులుతుంది. రాణిని లేపాలంటే ముట్టుకోకముందే పేరు పెట్టి పిలుస్తాం. మెట్లకు ముందు కొబ్బరిపీచు పట్టా పరిచాం, కాలికి గరుకు తగలగానే మెట్టు వచ్చిందని దానికి తెలుస్తుంది. గుర్తు కోసం గుమ్మాలకు సుగంధతైలాలు రాయమని కొందరు చెబుతారు. వాటిలో కుక్కలకు హాని చేసేవి ఉన్నాయి, కర్పూరమూ వాటికి విషమే. అవి లేకుండానే పని జరిగింది. గిన్నెలు వేరు, తినే గదులు వేరు, పడకలు వేరు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. రెండు కుక్కలనూ సమానంగా చూడాలనేది మంచి మాటలా వినిపిస్తుంది. నా అభిప్రాయంలో అది న్యాయం కాదు. ఒకటి చూడగలదు, తప్పుకోగలదు, కొత్త దారి వెతుక్కోగలదు. రెండోదానికి ఉన్నది జ్ఞాపకంలో ఉన్న ఇల్లు ఒక్కటే. సర్దుకోవలసిన భారం చూపు ఉన్నదాని మీద ఎక్కువ పడాలి, దాన్ని తెచ్చిన మన మీద అంతకంటే ఎక్కువ పడాలి. అలాగని కర్రిని రాణికి నౌకరుగా తెచ్చుకోలేదు. దానికీ ఆట కావాలి, తనదైన మూల కావాలి, మన చేయి కావాలి. చూపు లేనిదానికి దారి చూపే కుక్కలు లేకపోలేదు. చూపితే అది మన అదృష్టం. దాన్ని విధిగా కోరే హక్కు మనకు లేదు.

ఇంకో మాట చాలామందికి రుచించకపోవచ్చు. కొన్ని ఇళ్లలో రెండో కుక్కను తేకపోవడమే ముసలిదానికి చేసే ఉపకారం. పగలంతా ఇంట్లో మనిషి లేకపోతే తేవద్దు. రెంటినీ విడిగా ఉంచే చోటు లేకపోతే తేవద్దు. ముసలిదానికి నొప్పి ఉన్నా, చెవులు కూడా పోయినా తేవద్దు. తప్పదనుకుంటే రెండు నెలల పిల్లను కాక, నిదానం తెలిసిన పెద్ద కుక్కను ఎంచుకోండి. ఆ వయసు పిల్లకు ఆటే ప్రాణం, ఎదుటిదాని అవస్థ తెలిసే వయసు కాదది. ఏ వయసుదైనా టీకాలు పూర్తయి, ఒంటి మీద పిడుదులు లేవని చూసుకున్నాకే గడప దాటించండి. పిడుదు కాటుతో వచ్చే జ్వరం కళ్లనూ దెబ్బతీయగలదు.

మంచం కిందినుంచి రాణి తనంతట తాను బయటికి రావడానికి మూడు వారాలు పట్టింది. మునుపటిలా పెరట్లోకి వెళ్లి ఎండలో పడుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికి ఏడాది అయింది. రెండూ స్నేహితులయ్యాయని చెప్పలేను. ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవు, కలిసి ఆడుకోవు. కర్రి నడవలోకి వస్తే మువ్వ మోగుతుంది. రాణి తల ఎత్తి, గాలి ఒకసారి పీల్చి, మళ్లీ తల వాల్చేస్తుంది. కర్రి మూరెడు దూరంలో ఆగి, పక్కనుంచి తప్పుకుని పోతుంది. ఒకప్పుడు ఇది చాలదనిపించేది. ఇప్పుడు చాలుననిపిస్తోంది.

నడవలో బియ్యం డబ్బా దారికి అడ్డమని మా ఆవిడ ఎన్నాళ్లనుంచో అంటోంది. మొన్న పండక్కి ఇల్లు దులుపుతూ దాన్ని జరపబోయి, తనే ఆగిపోయింది. "ఇప్పుడొద్దులెండి" అంది. డబ్బా అక్కడే ఉంది.