మోకాలి ఆపరేషన్ తర్వాత కట్టు ఏది మంచిది?

ఈమధ్య ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా మోకాలి చిప్పల కబుర్లే. ఒకరి అత్తగారికి ఆపరేషన్ అయింది, ఇంకొకరి అమ్మగారికి వచ్చే వారం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సులు చూసుకుంటారు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ‘‘డ్రెస్సింగు తడపకండమ్మా’’ అని ఒక్క మాట చెప్పి మందుల చీటీ చేతిలో పెడతారు. మెడికల్ షాపుకి వెళితే ‘‘మామూలుదా, వాటర్‌ప్రూఫ్‌దా, సిల్వర్‌దా?’’ అని అడుగుతాడు. అక్కడ మనకి తల తిరుగుతుంది. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

కూరగాయలు తరుగుతూ వేలు తెగితే కట్టే కట్టు వేరు, ఇది వేరు. లోపల లోహంతో చేసిన కీలు కూర్చోబెట్టి ఉంటుంది. కుట్ల సందులోంచి క్రిములు దిగి ఆ లోహాన్ని పట్టుకున్నాయంటే మాత్రలతో ఓ పట్టాన వదలవు. మళ్ళీ కోసి కడగాల్సి రావచ్చు, కొందరికి పెట్టిన కీలే తీసి మార్చాల్సి వస్తుంది. అందుకని కట్టు కొనేటప్పుడు ముందు చూడాల్సింది, మాటిమాటికీ విప్పే అవసరం లేకుండా ఏది నిలుస్తుందీ అని. విప్పిన ప్రతిసారీ క్రిములకి తలుపు తీసినట్టే.

మనకి దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అందరం ఎరిగిన గాజుగుడ్డ, పైన ప్లాస్టరు. చవక. రసి, నెత్తురు ఎక్కువగా ఊరే మొదటి రోజుల్లో ఇది పనికొస్తుంది. కానీ తడిసిందంటే ఆ తడిలోంచే క్రిములు లోపలికి పోతాయి. ఎండిన రసికి అతుక్కుపోతుంది కూడా. అలా అతుక్కుంటే లాగనివ్వకండి, కొత్తగా పట్టిన చర్మం లేచొస్తుంది. శుద్ధి చేసిన సెలైన్‌తో నానబెట్టి తీయమనండి.

రెండోది మధ్యలో ప్యాడు, చుట్టూ పలచటి ప్లాస్టిక్ పొర ఉండే వాటర్‌ప్రూఫ్ పట్టీ. బయటి నీళ్ళు లోపలికి పోవు, లోపలి చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. పొర అద్దంలా ఉంటుంది కాబట్టి చుట్టూ చర్మం ఎర్రబడిందేమో విప్పకుండానే కనిపెట్టొచ్చు. రసి తగ్గిన గాయానికి నా ఓటు దీనికే.

మూడోది హైడ్రోఫైబర్ అని, రసిని పీల్చుకుని జిగురులా మారే పీచు ప్యాడు. మోకాలు వంచినా దాంతోపాటు సాగుతుంది. నిండిపోకుండా ఉంటే 7 రోజుల దాకా ఉంచొచ్చు. ఖరీదు బాగా ఎక్కువ.

ఇక వెండి కలిపినవి. వెండి అనగానే మనకి నమ్మకం కుదురుతుంది గానీ, శుభ్రంగా కుట్లు వేసిన గాయానికి ఖరీదైన పట్టీలే వేయక్కర్లేదని, చీము పట్టకుండా ఆపడంలో మామూలు కట్టు కంటే అవి మెరుగని గట్టి రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. డాక్టరుగారు కారణం చెప్పి రాస్తే కొనండి. షాపతను చెప్పాడని కొనకండి.

ఖరీదు చూసేటప్పుడు ఒక్క పట్టీ ధర చూస్తే సరిపోదు. రోజు మార్చి రోజు కాంపౌండరుకి ఇచ్చే డబ్బులు, ప్రతిసారీ గాజుగుడ్డ, ప్లాస్టరు, గ్లౌజులు అన్నీ కలిపి చూడండి. వారానికి ఒకటో రెండో పట్టే వాటర్‌ప్రూఫ్ పట్టీకి అంత తేడా ఉండదు.

కొలత సంగతి చాలామంది మర్చిపోతారు. మోకాలి కోత సుమారు 6 నుంచి 8 అంగుళాలు ఉంటుంది. పట్టీ మొత్తం పొడవు కాదు, మధ్యనున్న ప్యాడు ఆ కోత కంటే పైనా కిందా ఒక్కో అంగుళం ఎక్కువ ఉండాలి. షాపుకి వెళ్ళేముందు కట్టు మీద నుంచే టేపు పెట్టి కొలుచుకోండి. చిన్నవి రెండు కొని అతికించడం దండగ పని, ఆ అతుకు దగ్గరే లేచిపోతుంది.

మా అత్తగారికి ఇంటికొచ్చి కట్టు కట్టినతను గట్టి ప్లాస్టరుని అటూ ఇటూ బిగలాగి అంటించాడు. మూడో రోజుకి ప్లాస్టరు అంచుల్లో శనగగింజలంత బొబ్బలు. కుట్లు భేషుగ్గా ఉన్నాయి, పాడైంది పక్క చర్మం. ఆపరేషన్ అయిన కాలు వాస్తుంది, ప్లాస్టరేమో సాగదు, మధ్యన చర్మం లాగుడు పడుతుంది. పెద్దవాళ్ళ చర్మం అసలే ఉల్లిపొర. కాబట్టి మోకాలు కాస్త వంచి పెట్టి, పట్టీని లాగకుండా పరిచి అంటించమనండి. తీసేటప్పుడు ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి నెమ్మదిగా తీయాలి. పలచటి పొర పట్టీ అయితే పైకి పీకకూడదు, చర్మం వెంబడే పక్కకి సాగదీస్తే అదే ఊడొస్తుంది. ప్లాస్టరు పడని వాళ్ళయితే ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే డాక్టరుగారికి చెప్పాలి. పైన చుట్టే క్రేప్ బ్యాండేజీ వాపు కోసం, అది కట్టుకి బదులు కాదు.

మరి ఎప్పుడు మార్చాలి? థియేటర్లో వేసిన మొదటి కట్టుని, డాక్టరు చెబితే తప్ప, 48 గంటలు ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా తడి ప్యాడు అంచుదాకా వచ్చినా, అంచు లేచినా, లోపలికి నీళ్ళు పోయినా మార్చాలి. లేకపోతే డాక్టరుగారు చెప్పిన రోజుదాకా ఉంచెయ్యండి. మరక కనిపిస్తే కట్టు పైన దాని చుట్టూ పెన్నుతో గీత గీసి టైము వేయండి. సాయంత్రానికి గీత దాటిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. పలకరించడానికొచ్చిన చుట్టాలు ‘‘ఏదీ చూపించు వదినా’’ అంటే మాత్రం విప్పి చూపించనివ్వకండి! మార్చే ముందు ఫ్యాను ఆపి, గాజులు, ఉంగరాలు తీసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పసుపు, వేపాకు నీళ్ళు, కొబ్బరినూనె, డాక్టరు రాయని యాంటీబయాటిక్ పొడి ఏవీ కుట్ల మీద వేయొద్దు. గాయాన్ని గాలికి ఆరబెడితే తొందరగా మానుతుందన్న మాట కూడా పాతబడింది. 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద పరీక్షించి, ఆరబెట్టిన పైపై గాయాల కన్నా పాలిథిన్ పొర కప్పినవాటి మీద సుమారు రెండింతల వేగంతో కొత్త చర్మం పడుతుందని చూపించాడు. అలాగని బయటి నీళ్ళు తగలనివ్వమని కాదు. గాజుగుడ్డ కట్టు ఉన్నన్నాళ్ళూ తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే.

ఇంకో మాట, మన ఇళ్ళల్లో ‘పప్పు తింటే చీము పడుతుంది’ అని పథ్యం పెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, తినేవాళ్ళకి గుడ్డు తప్పకుండా పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి తినాలి. షుగరున్నవాళ్ళకి షుగరు అదుపులో లేకపోతే ఎంత ఖరీదైన పట్టీ వేసినా లాభం లేదు.

ఇంటికొచ్చాక రసి ఆగకుండా ఊరుతున్నా, ఆగింది మళ్ళీ మొదలైనా, ఎరుపు పాకుతున్నా, వాసన, చీము, జ్వరం ఉన్నా, తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి. వీధి చివర షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేస్తే లోపల రోగం కప్పడిపోయి, ఏ క్రిమో పరీక్షలో దొరక్కుండా పోతుంది.

కుట్లో, పిన్నులో మామూలుగా 10 నుంచి 14 రోజులకి తీస్తారు. తీశాక గాయం పొడిగా ఉంటే కట్టు అక్కర్లేదని చాలామంది డాక్టర్లు అంటారు. చీర కుచ్చిళ్ళు, నైటీ అంచు ఒరుసుకుంటుంటే ఒకటి రెండు రోజులు పలచటి గాజుగుడ్డ వేసుకోవచ్చు. పక్కులు గిల్లొద్దు. కొబ్బరినూనె రాయాలని సరదా పడితే ఆ పక్కులన్నీ రాలిపోయాకే.