జెర్సీలు మారినా పని మారలేదు

'మూడేళ్లలో రెండు కంపెనీలు మారారేంటి?' ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే తడబడేవాళ్లు చాలామందే. పెద్దపంజాణి, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరు బస్సెక్కే మనవాళ్లకు ఇంట్లో చెప్పే మాట కూడా అదే: 'ఒకచోట కుదురుగా ఉండు'. కానీ 2023 పరిస్థితి చూశారుగా! ఆఫర్ లెటర్ ఉన్నా జాయినింగ్ డేట్ రాలేదు. పెద్ద కంపెనీలే లేఆఫ్స్ అన్నాయి. మరి కుదురు మన చేతుల్లో ఉందా? మే 29న మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసిన ఐపీఎల్ ఫైనల్లో దీనికి కొంత జవాబు దొరుకుతుంది.

ఇద్దరు 'సంచారులు'

చెన్నై ఛేదనలో 13వ ఓవర్. బౌలర్ మోహిత్ శర్మ, బ్యాటర్ మన గుంటూరు అంబటి రాయుడు. వరుసగా 6, 4, 6. నాలుగో బంతికి ఔట్. 8 బంతుల్లో 19 పరుగులతో రాయుడి ఐపీఎల్ ప్రయాణం ముగిసింది. మోహిత్‌దీ అలాంటి కథే. చెన్నై, పంజాబ్, ఢిల్లీ జట్లకు ఆడి, 2022లో గుజరాత్‌కు నెట్ బౌలర్‌గా వెళ్లాడు. 2023లో రూ.50 లక్షలకు జట్టులోకొచ్చి 27 వికెట్లు తీశాడు.

అమెరికా బేస్‌బాల్‌లో ఓ పాత్ర ఉంది: రిలీఫ్ పిచర్. మొదట బంతులేసేవాడు అలసిపోతే మధ్యలో దిగుతాడు. ఆక్టావియో డొటెల్ ఇలా 13 జట్లకు ఆడాడు, 2011లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో టైటిల్ గెలిచాడు. జట్లు మారాయి కానీ పని ఒకటే: ఇబ్బందిలో ఉన్నప్పుడు దిగి ఆదుకోవడం.

రాయుడు లెక్క

2002లో 16 ఏళ్లకే హైదరాబాద్ రంజీ ఆటగాడు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో కెప్టెన్. తర్వాత ఆంధ్రకు వెళ్లి, మళ్లీ హైదరాబాద్ వచ్చాడు. 2007లో ఐసీఎల్‌లో చేరడంతో బీసీసీఐ తలుపులు మూసుకున్నాయి. 2009లో క్షమాభిక్ష దొరికాకే బరోడా, ముంబయి ఇండియన్స్ అవకాశాలు వచ్చాయి. టీమిండియాలో అడుగుపెట్టేసరికి 2013.

ముంబయితో మూడు టైటిళ్లు గెలిచినా 2018 వేలానికి ముందు జట్టు వదిలేసింది. చెన్నై రూ.2.20 కోట్లకు కొంటే, ఆ సీజన్లోనే 602 పరుగులు చేశాడు. 2022 వేలంలో ధర రూ.6.75 కోట్లకు పెరిగింది. చెన్నైతోనూ మూడు టైటిళ్లు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. 55 వన్డేల్లో సగటు 47 దాటినా 2019 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు. ఆ జులైలో రిటైర్మెంట్ ప్రకటించి, రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. ప్రతిభ ఉంటే న్యాయం దానంతటదే జరుగుతుందన్న గ్యారంటీ లేదు. ఈ నిజం ముందే తెలిస్తే మంచిది.

మీకేం పనికొస్తుంది?

ఒకటి, సంతకం పెట్టే ముందు చదవండి. ఐసీఎల్ నిర్ణయానికి రాయుడు చెల్లించిన మూల్యం విలువైన రెండేళ్లు. మీ ఆఫర్ లెటర్లో బాండ్, నోటీస్ పీరియడ్ ఎంతో చూసుకోండి.

రెండు, కోపంలో రిజైన్ చేయకండి. రాయుడికి వెనక్కి పిలిచే జట్లుండేవి. ఫ్రెషర్‌కు ఆ సౌకర్యం తక్కువ.

మూడు, చిన్న పాత్రను చులకనగా చూడకండి. ఐపీఎల్‌లో తొలి 'ఇంపాక్ట్ ప్లేయర్' మార్పు 2023 మార్చి 31న జరిగింది. బయటికెళ్లింది రాయుడు, వచ్చింది తుషార్ దేశ్‌పాండే. సీనియర్నని అలిగి కూర్చుంటే ఫైనల్లో ఆ 19 పరుగులు ఉండేవి కావు. కాంట్రాక్ట్ పోస్టైనా, సపోర్ట్ టీమైనా నేర్చుకునే పని ఉంటే చేరండి.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్న. ఎందుకు మారారో సంజాయిషీ ఇచ్చుకునే కన్నా, ప్రతిచోటా ఏ పని పట్టుకెళ్లారో చెప్పండి. 'రెండు చోట్లా టెస్టింగే చేశాను, రెండోచోట ఆటోమేషన్ నేర్చుకున్నాను' అంటే అవతలివాళ్లకు అర్థమవుతుంది. అలా చెప్పడానికి ఏమీ లేకపోతే మాత్రం, కంపెనీ మారే ముందు ఓ ఆర్నెల్లు ఆగి అదేదో సంపాదించుకోండి.