సాయంత్రం పూట మందిరం తలుపులు తెరవండి



సంఘ పెద్దలారా, నేను అడిగేది ఒక్కటే. ఆదివారం ఆరాధన కాగానే తాళం వేసే మన మందిరాలను తక్కిన రోజుల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లల చదువుకు తెరవండి.

పొద్దుగూకాక మన పేటలోకి ఒకసారి నడిచి చూడండి. ఒకటే గది. ఓ మూల వంట, ఓ మూల టీవీ, మధ్యలో కూలికెళ్లి వచ్చిన తల్లి నడుం వాల్చి ఉంటుంది. పదో తరగతి పిల్ల గడపలో కూర్చుని, వీధిదీపం వెలుగు పడేలా లెక్కల పుస్తకం పక్కకు తిప్పి పట్టుకుంటుంది. పగలు తల్లితోపాటు మిరపకోతకు వెళ్లింది. వేళ్లు ఇంకా మండుతున్నాయి. నిద్ర ముంచుకొస్తున్నా కళ్లు నులుముకునే వీలు లేదు. నాలుగిళ్ల అవతలే మన మందిరం. ట్యూబులైట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, కింద పట్టాలు పరిచే ఉన్నాయి. తలుపుకు తాళం ఉంది.

మన తాతల కాలంలో చాలా పల్లెల్లో మందిరమే బడి. ఒకే పాకలో ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో అక్షరాలు. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటాం. ఆ సంఘాల వెంట వచ్చిన పల్లె బడుల ఊసు మాత్రం ఎత్తం. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన పిల్లల్ని ‘నువ్వు దేవుని బిడ్డవి’ అని పిలిచి చేతికి పలక ఇచ్చింది ఆ బడులే. ఆ పిలుపు ఒక్కటే అయితే చాలేది కాదు, పలక ఒక్కటే అయినా చాలేది కాదు. చదువు అందితే ఎంతదూరం వెళ్లొచ్చో చూడండి: వేజెండ్లలో 1939లో పేదింట పుట్టిన కొలకలూరి ఇనాక్ గారు శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 2014లో పద్మశ్రీ అందుకున్నారు.

కవి జాషువా గారిని తలుచుకున్నప్పుడు మాత్రం మనం తల దించుకోవాలి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ పిల్లవాణ్ణి బడిలో కులం పేరుతో అవమానించారు. పెద్దయ్యాక, హిందూ పురాణ కథలమీద రచనలు చేస్తున్నాడని క్రైస్తవ పెద్దలే వెలివేశారు. మళ్లీ అలా జరగకూడదు. మందిరంలో కూర్చున్న పిల్ల ఏ పుస్తకం చదవాలో మనం తీర్పు చెప్పొద్దు. ఎవరింటి పిల్లలొచ్చినా మీది ఏ మతమని అడగొద్దు. ప్రార్థనలో కూర్చుంటేనే చదువనే షరతు అసలే వద్దు. మన విశ్వాసం నిజమైతే పిల్లలకు అది మన నడవడిలో కనిపిస్తుంది.

డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు రోజుకిద్దరు వంతులేసుకుంటే చాలు. స్త్రీల సమాజం నుంచి ఒక అక్క మూడు గంటలూ అక్కడే ఉండాలి, ఆడపిల్లల్ని ఇళ్లదాకా దించి రావాలి. ఈ ఏర్పాటు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

ఇంకో సంగతి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. గడువు తెలియకో, ఆదాయ ధ్రువపత్రం సమయానికి చేతికి రాకో మన పిల్లలు దాన్ని పోగొట్టుకుంటున్నారు. ఆదివారం ప్రకటనల్లో పెళ్లి కబుర్లతోపాటు ఈ గడువు కూడా చదివి వినిపించండి.

మన పల్లెల్లో పుట్టి పట్నాల్లోనూ పరాయి దేశాల్లోనూ స్థిరపడిన బిడ్డలారా, గోపురానికీ మైకు సెట్టుకూ మీరు పంపిన కానుకలు సంఘం మరిచిపోలేదు. ఈ ఏడు మందిరం కరెంటు బిల్లుకు, నోటుపుస్తకాలకు పంపండి. వీలైతే శనివారం సాయంత్రం ఓ గంట వీడియో కాల్‌లో ఇంగ్లీషు చెప్పండి.

పెద్దలారా, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఈ మాట సంఘం ముందు పెట్టండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, సోమవారం ఎవరి వంతో అక్కడే తేల్చి, పేర్లు రాసి తలుపుకు అంటించండి.